డ్రైనేజీ కంపెనీ కాగితాలు

మా ఆయన చనిపోయిన ఇరవై రోజులకు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ అతను ఫోన్ చేశాడు. షాపులో నేనే ఉన్నాను. షాపంటే పెద్దదేమీ కాదు. పాల్వంచలో భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద ఒక షట్టరు. దాని నిండా పీవీసీ పైపులు, నల్లాలు, ఎల్బోలు, సొల్యూషన్ డబ్బాలు. మా ఆయన ప్లంబరు. ఆయన పనుల మీద తిరుగుతుంటే షాపులో నేను కూర్చునేదాన్ని. ఆయన పోయాక కూడా అలాగే కూర్చున్నాను. పదకొండో రోజు అయిన మర్నాడే షట్టరు తీశాను. ధైర్యం ఉండి కాదు. ఇంట్లో ఉండి ఏం చేయాలో తెలియలేదు.

"సార్ ఉన్నారా మేడమ్? డ్రైనేజీ ఫ్రాంచైజీకి అప్లికేషన్ పెట్టుకున్నారు. మీ ఏరియాకి వారినే సెలెక్ట్ చేశాం" అన్నాడతను.

ఫ్రాంచైజీ అనే మాట నేను అంతకుముందు వినలేదు. "లేడండీ, పని మీద పోయిండు" అన్నాను.

"ఎప్పుడొస్తారు?"

"తెల్వదు."

అబద్ధం చెప్పాలని అనుకోలేదు. పదేళ్ళుగా ఆ ఫోన్లో నేను చెప్పే మాట అదే. నోరు దానంతటదే అనేసింది. ఆ తర్వాత ఆయన కోసం ఎవరు ఫోన్ చేసినా అదే చెప్పాను. బూర్గంపాడు నుంచి ఒకాయన ట్యాంకు పగిలిందని చేస్తే, పని మీద పోయిండు. మణుగూరు నుంచి ఒకావిడ మోటారుకు నీళ్ళు ఎక్కడం లేదని చేస్తే, పని మీద పోయిండు. చెప్పి ఫోన్ పెట్టేసి మళ్ళీ స్టూలు మీద కూర్చునేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళు అయి ఉంటుంది అప్పటికి. ఆ వానాకాలం ఆయన చర్ల వైపు అడవిలో ఒక హాస్టల్‌కి పైపులైను వేయడానికి వెళ్ళి నాలుగు రోజులకు జ్వరంతో తిరిగొచ్చాడు. ఆ వైపు పనికి పోయినవాళ్ళకు జ్వరం రావడం మాకు కొత్త కాదు. గోళీ వేసుకుని పడుకున్నాడు. మలేరియా మెదడుకెక్కిందని భద్రాచలం దవాఖానాలో చెప్పేసరికి ఆయన నన్ను గుర్తుపట్టడం మానేశాడు. మూడో రోజు పొద్దున పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు.

నేను ఏడవలేదు. కూసుమంచి దగ్గర మా పుట్టింటి ఊరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నన్ను పట్టుకుని "ఏడువు బిడ్డా, గుండెల బరువు దిగుతది" అని వాళ్ళే ఏడ్చారు. వాళ్ళ భుజం మీద తల పెట్టమంటే పెట్టాను. ఒకావిడ చీరకు గంజి వాసన వచ్చింది. అది గుర్తుంది. ఇంకేమీ రాలేదు. మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి. దానికి జడ వేస్తుంటే, వేసిన జడే విప్పి మళ్ళీ వేస్తున్నానని అదే చెప్పేది.

కంపెనీ అతను వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. నేను షాపు వెనక పైపులు కోసుకునే మనిషితో ఉన్నాను. స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి ఫోనెత్తింది. దాని మాటలు నాకు వినబడుతున్నాయి.

"మా నాన్న లేడు. చనిపోయిండు. మీకు పైపులు కావాల్నా?"

అటువైపు అతను ఏదో అడిగాడు.

"అవ్, నిజంగనే. జ్వరమొచ్చి. అమ్మ ఉంది, పిలవాల్నా?"

నేను కదల్లేదు. పైపు కొలత పెడుతున్న మనిషి నా ముఖం చూసి, చేతిలోని రంపం కింద పెట్టి బయటికి వెళ్ళి నిలబడ్డాడు. పాప ఫోన్ పెట్టేసి నా దగ్గరకొచ్చి, "పెట్టేసిండమ్మా" అని చెప్పి, బయట రోడ్డు పక్కన రాళ్ళతో ఆడుకోవడానికి పోయింది. మేము ఎవరమూ చెప్పకుండానే ఆ పిల్ల ఆ మాట అనడం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

నాలుగు రోజులకు అతనే వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. తెల్ల చొక్కా, టై. మా షాపు ముందు ఎవరూ చెప్పులు విప్పరు. అతను బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. "సారీ మేడమ్, నాకు తెలియక అలా ఫోన్లు చేశాను" అన్నాడు. మంచివాడే. ఆ మాట ఇప్పుడు కూడా అంటాను.

ఆ రోజు షాపులో మేస్త్రీ కూడా ఉన్నాడు. మా ఆయనతో పన్నెండేళ్ళు కలిసి పనిచేసిన మనిషి. చండ్రుగొండ దగ్గర తండా ఆయనది. మా ఆయన కంటే పదేళ్ళు పెద్ద. తండాలో ఆయనకు రెండెకరాల పత్తి చేను ఉంది, కొడుకు ఫారెస్టులో గార్డు. అయినా పైపు పని వదల్లేదు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మా ఆయన పోయాక కూడా రోజూ పొద్దున్నే మోపెడ్ మీద వచ్చి, పనులుంటే చేసి, లేకపోతే షాపు ముందు కూర్చుని పోయేవాడు.

కంపెనీ అతను నీలం రంగు ఫైలు తీసి కౌంటరు మీద పెట్టాడు. లోపల రంగుల కాగితాలు. నీలం యూనిఫాం వేసుకున్న ఒక మనిషి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. పక్కన తెల్ల వ్యాను, వ్యాను పక్కన చుట్టలు చుట్టిన స్ప్రింగు ఉన్న మెషిన్. నవ్వే మనిషి చేతులు చాలా శుభ్రంగా ఉన్నాయి.

"కంపెనీ పేరు మీద బోర్డు ఉంటుంది మేడమ్. మెషిన్ మేమే ఇస్తాం, ట్రైనింగ్ ఇస్తాం. కస్టమర్లు హైదరాబాదు నంబరుకి చేస్తారు, మేము మీకు చెప్తాం. కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా ఏరియా మీదే. భద్రాచలంలో ఎన్ని లాడ్జీలు ఉన్నాయో మీకు తెలుసు కదా. నవమికి ఒక్కో లాడ్జీలో డ్రైనేజీ ఎన్నిసార్లు జామ్ అవుతుందో సార్‌కి బాగా తెలుసు. అందుకే వారు అడిగారు."

"మరి ఇప్పుడు ఆయన లేడు గద" అన్నాడు మేస్త్రీ.

"మేడమ్ పేరు మీదకి మారుస్తాం. ఆడవాళ్ళు నడిపే ఫ్రాంచైజీ మా కంపెనీలో ఇంతవరకూ లేదు. మీరు తీసుకుంటే మీరే మొదటివారు." అతను నా వైపు తిరిగాడు. "తొందరేం లేదు. పదిహేను రోజులు టైము తీసుకోండి. ఖమ్మంలో మా ఫ్రాంచైజీ ఒకటి నడుస్తోంది. వచ్చి చూడండి, పని ఎలా జరుగుతుందో చూపిస్తాను."

"చూద్దాం" అన్నాను. ఆ రోజుల్లో అందరికీ అదే చెప్పేదాన్ని. అన్నం తింటావా అంటే చూద్దాం. పుట్టింటికి వస్తావా అంటే చూద్దాం.

ఫైల్లో అడుగున మా ఆయన నింపిన అప్లికేషన్ జిరాక్సు ఉంది. అతను పోయాక తీసి చూశాను. ఫారం అంతా ఇంగ్లీషు. పేరు, ఊరు, వయసు ఆయనే ఇంగ్లీషులో వంకర టింకరగా నింపాడు. చివర ఒక పెద్ద గడి ఉంది. ఈ వ్యాపారం ఎందుకు చేయాలనుకుంటున్నారు అని ఆ గడి పైన అడిగారు. అక్కడికి వచ్చేసరికి ఇంగ్లీషు అయిపోయినట్టుంది, తెలుగులో రాశాడు. 'మెషిన్ వస్తే గుంతలల్ల మనిషి దిగే పని ఉండదు.' అంతే. ఒకటే వాక్యం.

నేను ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను. ఏ గుంతలు, ఎవరు దిగారు, నాకు తెలియదు. మా ఆయన పని అంటే నాకు తెలిసింది పైపులు, నల్లాలు, మోటార్లు.

మర్నాడు మేస్త్రీకి చదివి వినిపించాను. ఆయన పాత నల్లా విప్పుతున్నాడు. రెంచి కింద పెట్టాడు.

"నీకు చెప్పొద్దన్నడు చెల్లె."

"ఏంది?"

"పోయిన నవమికి ముందు భద్రాచలంల ఒక లాడ్జిల పని వడ్డది. పైపు జామ్ అనుకొని పోయినం. తీరా చూస్తే సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. పాల్వంచ మున్సిపాలిటోళ్ళ ట్యాంకరు నాలుగు రోజుల దాక రాదన్నరు. లాడ్జాయన కాళ్ళు మొక్కుతుండు, జనం వచ్చే టైం అని. నేను దిగిన. దిగంగనే కండ్లు తిరిగినయి. ఇగ నాకేం యాది లేదు."

"ఇగ?"

"ఆయన పైన బోర్ల పండుకొని నా జుట్టు పట్టి గుంజిండట." మేస్త్రీ తల వంచి నడినెత్తి మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ రూపాయంత మేర వెంట్రుకలు లేవు. "లాడ్జి పనోళ్ళు ఇద్దరు ఆయన కాళ్ళు పట్టుకున్నరు. బయటికి తీసినంక నన్ను గోదారి కాడికి తీస్కపోయి మెట్ల మీద కూసోబెట్టిండు. గంట సేపు ఆడనే కూసున్నం. లేసేటప్పుడు, నువ్వు ఇగ దిగొద్దు అన్నడు."

"మరి తర్వాత అసుంటి పని వస్తే ఎట్ల చేసిన్రు?"

మేస్త్రీ నా వైపు చూడలేదు. "ఆయన దిగిండు. రెండుసార్లు."

నాకు గుర్తొచ్చింది. ఆ ఎండాకాలం ఆయన పని నుంచి వచ్చి ఒక్కోరోజు రెండుసార్లు స్నానం చేసేవాడు. బోరు నీళ్ళు సరిగా రాని రోజులు. నీళ్ళన్నీ నువ్వే పోసుకుంటే ఎట్లా అని నేను బాత్‌రూం తలుపు కొట్టి అరిచాను. ఆయన లోపలి నుంచి "అయిపోయింది, వస్తున్న" అన్నాడు. మేస్త్రీ చెప్పింది విన్నాక నాకు బాధ కలగాలి. కలగలేదు. కలగడం లేదని మాత్రం తెలుస్తూ ఉంది. చేయి మొద్దుబారినప్పుడు గిల్లితే గిల్లారని తెలుస్తుంది కానీ నొప్పి రాదు. అలా ఉంది.

ఆ ఆదివారం మా అన్నయ్య వచ్చాడు. తిరుమలాయపాలెంలో గుమాస్తా పని చేస్తాడు. కౌంటరు మీద ఫైలు చూసి చదివి మూసేశాడు.

"మోరీలు సాఫ్ చేసే కంపెనీనా? నీకేమన్నా పిచ్చా? మనింటి ఆడపిల్ల బోర్డు మీద పేరు రాయించుకొని లెట్రిన్‌లు కడుగుతదని ఊళ్ళె అనుకోవాల్నా?"

"మరి ఆయన చేసింది ఏందన్నా?"

"ఆయన చేసింది నల్లా పని. అది వేరు."

కాసేపటికి అన్నయ్యకు కోపం తగ్గి, "షాపు ఎవరికన్న ఇచ్చేసి ఊరికి రా. అంగన్‌వాడీల పోస్టు పడుతదట, నేను మాట్లాడుత" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నేనూ పాపా అన్నం తింటున్నామో లేదో చూడటానికి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వచ్చేవాడు. చూద్దాం అన్నాను.

నిజానికి తీసుకోవాలనే నాకు అనిపించింది. తీసుకోవాలనే కోరిక ఉండి కాదు. ఆయన అడిగాడు, వాళ్ళు ఇస్తామన్నారు, నేను సంతకం పెడితే ఆయన మొదలుపెట్టింది జరిగిపోతుంది. నేను ఆలోచించాల్సిన అవసరం ఉండదు. ఆ ఆలోచించాల్సిన అవసరం లేకపోవడమే నాకు బాగా నచ్చింది.

మూడు రోజులకు పాపను పక్కింట్లో వదిలి, మేస్త్రీ నేనూ పొద్దున బస్సుకు ఖమ్మం వెళ్ళాం. బస్టాండుకు కంపెనీ అతను వ్యాను తీసుకొచ్చాడు. కాగితం మీద ఉన్న వ్యానే. ఖమ్మం ఫ్రాంచైజీ నడిపేది పాతికేళ్ళ వాడు, నీలం టీషర్టు వేసుకున్నాడు. ఒక ఫంక్షన్ హాలులో పని ఉందని అక్కడికి తీసుకెళ్ళాడు. ముందురోజు పెళ్ళి జరిగింది. వంటగది నీళ్ళు బయటికి పోక గచ్చంతా నిలిచి ఉన్నాయి. నీళ్ళలో విస్తరాకులు, మెతుకులు తేలుతున్నాయి.

మెషిన్ దించి, స్ప్రింగు కొసను మోరీలోకి పంపి స్విచ్చి వేశాడు. స్ప్రింగు తిరుగుతూ గరగరమంటూ లోపలికి పోయింది. పది నిమిషాలు పట్టలేదు. నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారి గుడగుడమని లోపలికి దిగిపోయాయి. గచ్చు బయటపడింది.

మేస్త్రీ కళ్ళు మెరిశాయి. ఆయన అంతవరకు అలాంటి పని వెదురు బద్దతో చేసినవాడు. ఒక్కో మోరీకి సగం రోజు పొడిచేవాడు. మెషిన్ ఆగాక దగ్గరికి వెళ్ళి స్ప్రింగు మీద చేయి పెట్టి నిమిరాడు.

"మంచిగుంది చెల్లె" అన్నాడు. "ఇది ఉంటే ఇంక చెప్పేదేముంది."

కంపెనీ అతను నవ్వాడు. నేను కూడా నవ్వాననుకుంటాను.

అప్పుడు ఫంక్షన్ హాలు మేనేజరు వచ్చి, వెనక లెట్రిన్ల ట్యాంకు కూడా నిండిందని, సాయంత్రం ఇంకో పెళ్ళివాళ్ళు దిగుతున్నారని చెప్పాడు. టీషర్టు అబ్బాయి పక్కకు వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి ఒకే సైకిలు మీద ఇద్దరు మనుషులు వచ్చారు. సైకిలుకు రెండు బకెట్లు, ఒక తాడు కట్టి ఉన్నాయి. ఒకతను వయసులో మా ఆయన అంత ఉంటాడు. వెనకాల గోడ దగ్గరికి వెళ్ళి, నడుము నుంచి చిన్న సీసా తీసి గుక్కలో తాగి, చొక్కా విప్పి గోడ మీద పెట్టాడు. ట్యాంకు మీది బండ జరిపారు.

"రండి మేడమ్, బయట టీ బాగుంటుంది" అన్నాడు కంపెనీ అతను.

నేను పోలేదు. మేస్త్రీ నాకంటే ముందే ఆ గుంత దగ్గరికి వెళ్ళిపోయాడు.

"తాడు నడుముకు కట్టుకోవా?" అని అడిగాడు ఆ మనిషిని.

"రోజూ దిగేదే గద పెద్దాయనా" అని అతను నవ్వాడు.

మేస్త్రీ బకెట్ తాడు విప్పి తీసుకుని అతని నడుముకు తనే కట్టాడు. రెండు ముళ్ళు వేసి లాగి చూశాడు. కాసేపు బండ తీసి ఉంచమన్నాడు, గాలి పోనీయమన్నాడు. కాగితం ముక్క ఒకటి వెలిగించి, ఆరిపోతుందేమోనని లోపలికి వేసి చూశాడు. అలా వేయడం మంచిదో కాదో నాకు తెలియదు, ఆయనకు తెలిసింది అదే. తర్వాత గచ్చు మీద కూర్చుని, ఆ మనిషి లోపల ఉన్నంతసేపూ తాడు కొస రెండు చేతులతో పట్టుకున్నాడు. ప్రతి నిమిషానికీ "ఓ తమ్మీ" అని పిలిచేవాడు. లోపలి నుంచి "ఆఁ" అని వచ్చేది. రెండో మనిషి బకెట్లు పైకి లాగి గోడ వెనక పోసి వస్తున్నాడు.

నేను ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. వాసన తగులుతోంది, అంతే. అక్కడే నిలబడి కంపెనీ అతన్ని అడిగాను.

"దీనికి మెషిన్ లేదా?"

"ఇది మన స్కోపులో రాదు మేడమ్. మనది పైపుల వరకే. ట్యాంకులకు మురుగు పీల్చే పెద్ద సక్షన్ బండి కావాలి, అది ఫ్రాంచైజీలో ఉండదు. ఇలాంటివి వస్తే బయట మనుషులకు ఇచ్చేస్తారు."

"వాళ్ళు కంపెనీ మనుషులు కాదా?"

"కాదు మేడమ్. మీరేం భయపడొద్దు. వాళ్ళకి ఏమైనా జరిగినా మీ మీదకి రాదు. అగ్రిమెంట్లో క్లియర్‌గా రాసి ఉంది." నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు ఆ మాట.

ఆ మనిషి ముప్పావు గంటకు పైకి వచ్చాడు. మేస్త్రీ ముడులు విప్పి, నల్లా దగ్గరికి తీసుకెళ్ళి, అతను కడుక్కుంటుంటే పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.

తిరుగు బస్సులో మేస్త్రీ జూలూరుపాడు దాకా నాతో వచ్చాడు. ఆయన అక్కడ దిగి తండాకు పోవాలి. దిగేముందు అన్నాడు.

"నువ్వు తీసుకుంటనంటే నేను నీతోనే ఉంట చెల్లె. మెషిన్ మంచిదే. అబద్ధం ఎందుకు చెప్పాలె."

"ఆయన రాసింది అది కాదు గదన్నా."

"ఆయనకు తెల్వదు గద, గిట్లుంటదని. మెషిన్ వచ్చిందంటే అన్నీ అదే చేస్తదనుకుండు." సీటు పట్టుకుని లేచాడు. "పానం బాగలేని మనిషిని దింపినట్టుంది. గుంతల దిగిన ఆ పిలగాడు తాగకపోతే దిగలేడట. నాకు చెప్పిండు."

ఆయన దిగిపోయాక నేను కిటికీ పక్కకు జరిగాను. రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు, వాటి కింద నిలిచిన వాన నీళ్ళు. కొత్తగూడెం వచ్చేదాకా వాటినే చూశాను. అప్పటికి నిర్ణయం అయిపోయిందని ఇప్పుడు చెప్పగలను కానీ ఆ బస్సులో నాకు అలా ఏమీ అనిపించలేదు. ఆకలిగా ఉందని మాత్రం అనిపించింది. చాలా రోజులకు.

పదిహేనో రోజున కంపెనీ అతను వచ్చాడు. మళ్ళీ బూట్లు విప్పాడు. నేను ఫైలు అతని ముందుకు జరిపాను.

"వద్దండీ."

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఏదైనా ఇబ్బందా మేడమ్? డబ్బు విషయమైతే బ్యాంకుతో మాట్లాడదాం. సార్ ఎంత ఇంట్రెస్టుతో ఉన్నారో మీకు తెలియదు. మా ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఇది వారి కోరిక మేడమ్."

"ఆయన ఎందుకు కావాలని రాసిండో మీరు చదివిన్రా?"

అతను జిరాక్సు తిప్పి చివరి గడి చూశాడు. ముఖం ఎర్రబడింది. "తెలుగులో ఉంది కదా మేడమ్... ఫారాలు చూసేది వేరే వాళ్ళు. వాళ్ళకి తెలుగు రాదు. నేను సంతకం వరకే చూశాను."

"ఇప్పుడు చదవండి."

చదివాడు. పెదాలు కదిలాయి. చదివి తల ఎత్తలేదు.

"మీరు ఆ రోజు చూపించిన పనిలో మనిషి దిగిండు" అన్నాను. "ఆయన అడిగింది మీ దగ్గర లేదు. మీ తప్పని అనట్లే. లేదు, అంతే. మా ఆయన చనిపోయిండు కాబట్టి వద్దంటున్న అనుకోకండి. ఉన్నా వద్దనేటోడే."

చనిపోయిండు అనే మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. అన్న తర్వాత నాకు ఏదో అవుతుందేమోనని కౌంటరు అంచు పట్టుకున్నాను. ఏమీ కాలేదు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది.

అతను ఫైలు సర్దుకున్నాడు. జిరాక్సు కాగితం మాత్రం తీసి కౌంటరు మీద వదిలేశాడు. వెళ్తూ, "నేనైతే తీసుకోమనే చెప్తాను మేడమ్. కానీ మీరు చెప్పింది ఆఫీసులో చెప్తాను" అన్నాడు. చెప్పాడో లేదో తెలియదు.

మూడు నెలలకు కొత్తగూడెంలో వేరే అతను ఆ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. బాగానే నడిచింది. తెల్ల వ్యాను మా షాపు ముందు నుంచే భద్రాచలం పోయేది. దాన్ని చూసినప్పుడు తప్పు చేశానని గానీ ఒప్పు చేశానని గానీ అనిపించేది కాదు. వ్యాపారం లేని వానాకాలపు మధ్యాహ్నాలు మాత్రం ఒకటి రెండుసార్లు, ఆ మెషిన్ ఉంటే మేస్త్రీ భుజాలకు ఇంత నొప్పి ఉండేది కాదు కదా అనుకున్నాను. అన్నయ్య సంతోషించాడు. తన మాట విని మానుకున్నానని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. షాపు మాత్రం వదలనని చెప్పాను. దానికి అతను ఆరు నెలలు అలిగాడు. అలిగినా ఆదివారాలు మానలేదు.

మేస్త్రీ నేనూ ఒకటి అనుకున్నాం. ట్యాంకు పని ఎవరిదైనా తీసుకోము. మున్సిపాలిటీ ట్యాంకరు వచ్చేదాకా ఆగమంటాం. ఆగలేని లాడ్జీలు రెండు మమ్మల్ని పిలవడం మానేశాయి. వాళ్ళు ఎవరిని దింపారో మేం అడగలేదు. అడగాల్సింది. ఆ సంగతి అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

తర్వాత తర్వాత మేస్త్రీతో పాటు నేనూ ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట సామాను అందించడానికి. మెల్లగా ఆయన రెంచి నా చేతికిచ్చి, "దారం ఇట్ల చుట్టు, అట్ల కాదు, మర తిరిగే దిక్కుకు చుట్టాలె" అని నేర్పాడు. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు బాత్‌రూం దాకా ప్లంబరును రానివ్వడానికి జంకే ఆడవాళ్ళు నన్ను పిలిచేవాళ్ళు. రెండో ఏడు వచ్చేసరికి చిన్న పనులు ఒక్కదాన్నే చేసేదాన్ని.

నాన్న పోయాక నువ్వు ఎప్పుడు ఏడ్చావని ఇప్పుడు మా అమ్మాయి అడుగుతుంది. పెద్ద సందర్భమేమీ కాదు. ఒక టీచరమ్మ ఇంట్లో వాష్‌బేసిన్ కింద కూర్చుని నట్టు బిగిస్తున్నాను. రెంచి జారి బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడింది. ఏడుపొచ్చింది. వేలు నోట్లో పెట్టుకుని అక్కడే తడి గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. టీచరమ్మ పసుపు తెచ్చి, ఏం చేయాలో తోచక తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"అంత నొప్పిగా ఉందా అమ్మా?" అంది.

"అవ్" అన్నాను. నిజంగానే ఉంది.

ఆవిడ నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. కాసేపయ్యాక ముఖం కడుక్కుని, ఎడమ చేత్తో నట్టు బిగించి, నల్లా తిప్పి చూసి, లీకు లేదని చెప్పి వచ్చేశాను.